మంచం ఖాళీ అయ్యాక: సేవ చేసినవారి దుఃఖానికి కొన్ని సూచనలు

పెద్దకర్మ ముగిసి చుట్టాలు ఎవరి ఊళ్లకు వారు వెళ్లిపోయాకే, నెలల తరబడి రోగికి సేవ చేసిన మనిషికి అసలు దుఃఖం మొదలవుతుంది. క్యాన్సర్ నొప్పికి వాడే సాధారణ మార్ఫిన్ మాత్రను 4 గంటలకోసారి వేయవలసి ఉంటుంది గనుక, ఆ వేళకు అలారం లేకుండానే మెలకువ రావడం, దగ్గు వినిపించినట్టు అనిపించి లేచి వెళ్లడం, ఎయిర్‌బెడ్ మోటారు చప్పుడు ఆగిపోయిన గదిలో ఊరికే నిలబడిపోవడం చాలామందికి జరిగేదే. దీన్ని చూసి మతి చలించిందని భయపడకండి. నిద్రతో పెనుగులాడకుండా మంచినీళ్లు తాగి కాసేపు కూర్చోండి. ఒంటికి అలవాటైన వేళలు నెమ్మదిగానే వదులుతాయి.

ప్రాణం పోయిన క్షణంలో మీకు మొదట ‘హమ్మయ్య’ అనిపించి ఉంటే, అది ప్రేమ లేక కాదు, ఆ బాధను దగ్గరుండి చూసినందువల్ల.

అన్నిటికంటే ఎక్కువగా తొలిచేది నేరభావన. ‘నేను వేసిన ఆఖరి మాత్రే ప్రాణం తీసిందా, ఇంకో నాలుగు చెంచాల జావ పట్టించి ఉంటే నిలిచేదా’ అన్న ప్రశ్నలను మనసులో తిప్పుకోకుండా కాగితం మీద రాసి, చికిత్స ఫైలుతో సహా పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బులో నొప్పి, బాధ తగ్గించే వైద్యం) వైద్యుల దగ్గరకు ఒక్కసారి వెళ్లండి. వైద్యులు చెప్పిన మోతాదులో ఇచ్చిన మార్ఫిన్ ప్రాణం తీయదనీ, చివరి రోజుల్లో తిండి తగ్గడం జబ్బు ముదరడం వల్లేననీ మీ ఫైలు చూపిస్తూ వారు చెబితే కలిగే నమ్మకం ఎవరి ఓదార్పుతోనూ రాదు. మరణం తర్వాత కుటుంబానికి అండగా ఉండడం కూడా ఈ వైద్యంలో భాగమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది కాబట్టి, మొహమాటపడకండి. మిగిలిన మార్ఫిన్ మాత్రలను కూడా అప్పుడే వెనక్కి ఇచ్చేయండి. ఇంట్లో ఉంచకూడదు, ఇంకొకరి నొప్పికి ఇవ్వకూడదు.

‘ఐసీయూలో పెట్టి ఉంటే బతికేవారేమో’ అనే బంధువు ప్రతి ఇంటికీ ఒకరు ఉంటారు. వారితో వాదించకండి. ‘ఇంట్లోనే ఉంటానన్నారు, అలాగే చూసుకున్నాం’ అనే జవాబు ముందే సిద్ధం చేసుకుంటే సరిపోతుంది.

అద్దెకు తెచ్చిన మంచం, ఆక్సిజన్ యంత్రం వెంటనే పంపించవచ్చు గానీ, చీరలు, కళ్లజోడు, మందుల వేళలు రాసిన నోటు పుస్తకం వంటివాటికి తొందర లేదు. ఇన్నాళ్లూ వాయిదా వేసిన మీ బీపీ, షుగర్ పరీక్షలను మాత్రం ఈ నెలలోనే చేయించుకోండి.

మాసికాలు పెట్టే ఇళ్లలో ఆ తిథినాడు, కిందటి నెలకంటే నిద్ర, తిండి, నలుగురితో మాట కాస్తయినా మెరుగయ్యాయా అని చూసుకోవచ్చు. 6 నెలలు దాటినా దుఃఖం అదే తీవ్రతతో ఉండి రోజు గడవనివ్వకపోతే మానసిక వైద్యులను కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి; ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.