ఎంఎస్ ఇనుముతో వచ్చే తిప్పలు: ఎందుకొస్తాయి, ఏం చేయాలి

ఎంఎస్ అంటే మైల్డ్ స్టీల్, కార్బన్ సుమారు 0.05 నుంచి 0.25 శాతం మధ్యలో ఉండే మామూలు ఇనుము. కోయొచ్చు, వంచొచ్చు, వెల్డ్ చేయొచ్చు, పైగా చవక, అందుకే గేట్లు, రాక్‌లు, ట్రాలీలు, మెషీన్ స్టాండ్లు అన్నీ దీంతోనే చేస్తారు. పని చెడితే మాత్రం అందరి నోటా మొదట వచ్చే మాట "ఈ ఇనుము బాలేదు" అని. చాలాసార్లు ఇనుములో లోపమేం ఉండదు, ఏ రకం ఎంఎస్ కొన్నాం, ఏ షేపులో పెట్టాం, పైనున్న పొర తీశామా లేదా, తేడా అక్కడే వస్తుంది. కాబట్టి మీకు కనబడుతున్న లక్షణం నుంచి మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి.

షెల్ఫ్ లేదా బీమ్ మధ్యలో కుంగుతోంది

దీనికి ఇంకా గట్టి గ్రేడ్ స్టీల్ కొంటారు చూడండి, అది డబ్బు దండగ. ఒకే సైజులో ఎంత గట్టి గ్రేడ్ పెట్టినా, బరువు పెట్టినప్పుడు వంగే వంపు దాదాపు అంతే ఉంటుంది, ఎందుకంటే స్టీల్ బిగువు, అంటే వంగకుండా నిలబడే గుణం, అన్ని గ్రేడ్లకీ సుమారు 200 గిగాపాస్కల్సే. గ్రేడ్ మారితే మారేది వేరే, ఎంత ఒత్తిడి దాటాక మళ్లీ లేవకుండా శాశ్వతంగా వంగిపోతుంది అన్నది, మామూలు ఎంఎస్‌కి అది 250 మెగాపాస్కల్స్ దగ్గర.

అందుకని ముందు బరువంతా దింపేసి చూడండి. తిరిగి నిటారుగా అయ్యిందా, అయితే ఇనుము బలం సరిపోయింది, షేపే చాల్లేదు. వంగినట్టే ఉండిపోయిందా, అయితే లిమిట్ దాటింది, సెక్షన్ (ముక్క అడ్డకోత సైజు) పెద్దది కావాలి లేదా బరువు తగ్గించాలి. షేప్ సంగతైతే ఎత్తే అసలు కీలకం: ఎత్తు రెట్టింపు చేస్తే బిగువు 8 రెట్లు పెరుగుతుంది. 50×6 మి.మీ. ఫ్లాట్ (బల్లపరుపు పట్టీ) పడుకోబెట్టి వాడేదాన్ని అంచు మీద నిలబెడితే సుమారు 69 రెట్లు తక్కువ వంగుతుంది, అదే ముక్క, అదే బరువు, రూపాయి ఎక్కువ పెట్టక్కర్లేదు. కాకపోతే నిలబెట్టిన ఫ్లాట్ పక్కకి మెలి తిరగకుండా మధ్యమధ్యలో అడ్డపట్టీలు వేసి కట్టేయాలి. ఇంకో మార్గం మధ్యలో ఒక కాలు పెట్టడం, మధ్యలో ఒకేచోట బరువు పడే బీమ్‌కి దూరం సగమైతే వంపు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. ముందు ఈ రెండూ చూశాకే లావు ఇనుము గురించి ఆలోచించండి.

2 మి.మీ. అని కొన్న పైపు ఊగిపోతోంది

మందం తక్కువున్న సరుకు వచ్చి ఉంటుంది. పైపు చివర కోసినచోట బొడిపె ఉంటుంది కాబట్టి దాన్ని రాసేసి, వెర్నియర్ (మందం కొలిచే పరికరం) పెట్టి, ఒకచోట కాదు నాలుగు గోడలూ కొలవండి. ఇంకా నమ్మకమైనది తూకం, దాన్ని ఎవరూ మోసం చేయలేరు. స్క్వేర్ పైపుకి లెక్క ఇది: మి.మీ.లో సైజులోంచి మందం తీసేసి, మందంతో గుణించి, 4తో గుణించి, 0.00785తో గుణిస్తే మీటరుకి కిలోలు. 25×25×2 పైపు 6 మీటర్లది ఈ లెక్కన 8.7 కిలోల దగ్గర ఉండాలి, మూలలు గుండ్రం కాబట్టి కాస్త తగ్గొచ్చు. 7 కిలోలే తూగితే అది 1.6 మి.మీ. పైపు, ఇంక వాదన అనవసరం. గుండ్రం రాడ్‌కైతే మి.మీ.లో వ్యాసాన్ని దాంతోనే గుణించి 162తో భాగించండి, 12 మి.మీ. రాడ్ మీటరు 0.89 కిలో వస్తుంది. రేకు చదరపు మీటరుకి, ప్రతి మి.మీ. మందానికి 7.85 కిలోలు. ఈ మూడూ ఫోన్‌లో రాసి పెట్టుకోండి, ఇనుము కొనేటప్పుడు ఇంతకంటే పనికొచ్చే విషయం నాకు తెలీదు.

పెయింట్ పొరలు పొరలుగా లేచిపోతోంది

హాట్ రోల్డ్ ఇనుము మీద నీలం నలుపు కలిసిన నున్నటి పొర ఉంటుంది, దాన్ని మిల్ స్కేల్ అంటారు, వేడిగా రోల్ చేసేటప్పుడు గాలితో కలిసి ఏర్పడే ఐరన్ ఆక్సైడ్. చూడ్డానికి శుభ్రంగా కనబడుతుంది కాబట్టి దాని మీదే రంగేసేస్తారు, కొన్నాళ్లకి పగుళ్లలోంచి తేమ లోపలికెళ్లి స్కేల్ లేస్తుంది, దాంతోపాటే రంగూ లేస్తుంది. దీనికి గ్రైండర్‌కి ఫ్లాప్ డిస్క్ (గరుకు కాగితం రేకుల చక్రం) పెట్టి మెరిసే లోహం కనబడేదాకా తీయడం ఒక పద్ధతి. చిన్న ముక్కలైతే వెనిగర్‌లో రాత్రంతా, మొండి స్కేల్ అయితే ఇంకో రోజు నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టండి. వెంటనే అని ఎందుకంటున్నానంటే ఒట్టి ఇనుము తేమ గాలిలో కొన్ని గంటల్లోనే ఎర్రబడుతుంది, కాబట్టి శుభ్రం చేసిన రోజే ప్రైమర్ పడాలి. రేపేద్దాం అనుకుంటే మళ్లీ మొదటి నుంచి రుద్దాల్సిందే. మరి రంగు బాగానే ఉండి పైపు కింద తుప్పు నీళ్లు కారుతున్నాయంటే తుప్పు లోపలి నుంచి వస్తోందన్నమాట, పైపు చివరలకి మూతలు వెల్డ్ చేసి గాలి పోకుండా మూసేయండి.

వెల్డింగ్‌లో చిల్లులు, బుడగలు

నూనె, తుప్పు, పెయింట్, తడి రాడ్ ఈ నాలుగింట్లో ఒకటి. జాయింట్‌కి రెండు పక్కలా ఒక అంగుళం మెరిసేదాకా గ్రైండ్ చేస్తే చాలా మటుకు తగ్గిపోతుంది. 7018 రకం వెల్డింగ్ రాడ్లు తేమ పీల్చుకుంటే బుడగలే కాదు పగుళ్లు కూడా తెస్తాయి, పొడిగా వేడిగా దాచే సౌకర్యం లేకపోతే మామూలు ఫ్రేములకి 6013 వాడుకోవడమే మేలు. తెల్లటి పొగ, తెల్ల బూడిద వస్తోందంటే అది జింక్ పూత వేసిన ఇనుము, ఆపేయండి. ఆ పొగ పీలిస్తే జ్వరం, వణుకు వస్తాయి. పూత తీసేసి, గాలి ఆడేచోట, సరైన మాస్క్‌తో చేయాలి.

ఫ్రేమ్ మెలి తిరిగింది

వెల్డ్ చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది, ఏ పక్క ముందు వేస్తే ఆ పక్కకి లాగుతుంది. అన్ని మూలలా టాకాలు (పట్టి ఉంచే చిన్న వెల్డ్‌లు) వేసి, రెండు వికర్ణాలూ కొలిచి, ఒకటే ఉన్నాయంటేనే ఫుల్ వెల్డింగ్ మొదలుపెట్టండి, అదీ ఎదురెదురు మూలల్లో మార్చి మార్చి. పలచ రేకు మీద పొడుగు వెల్డ్ అసలొద్దు, చిన్న చిన్నవి వదిలి వదిలి వేయండి. వెల్డింగే లేకుండా, బ్రైట్ బార్‌ని ఒక పక్క చెక్కగానే అరటిపండులా వంగిందంటే కారణం వేరు: చల్లగా లాగి తయారు చేసినప్పుడు లోపల మిగిలిన ఒత్తిడి అది. రెండు పక్కలా సమంగా చెక్కండి, లేదా ఆ పనికి హాట్ రోల్డ్ తీసుకోండి.

ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచినా గట్టిపడట్లేదు

పడదు, ఉలికో కత్తికో కావాల్సిన గట్టిదనం రావడానికి చాలినంత కార్బన్ ఇందులో లేదు. పై పొర మాత్రం గట్టిపడితే చాలనుకుంటే బొగ్గు పొడి నింపిన మూత పెట్టెలో పెట్టి 900 నుంచి 950 డిగ్రీల్లో కొన్ని గంటలుంచితే కార్బన్ లోపలికి ఎక్కుతుంది, అప్పుడు ముంచితే పైన గట్టి, లోపల మెత్తన. పిన్నులు, బుష్‌లకి ఇది బాగుంటుంది. కత్తికైతే ఇంత కష్టం దేనికి, హై కార్బన్ స్టీల్ తెచ్చుకోండి.

లేత్ మీద చిరిగినట్టు వస్తోంది, డ్రిల్ దిగట్లేదు

ఎంఎస్ మెత్తన, జిగురుగా టూల్ మొనకి అంటుకుంటుంది, అందుకే చిరిగిన ఫినిష్. మొన పదునుగా ఉంచి, కటింగ్ ఆయిల్ వేసి, కార్బైడ్ టూల్ అయితే స్పీడ్ పెంచండి. డ్రిల్ సగంలో ఆగి కీచుమంటే బిట్ మొద్దుబారింది, లేదా ముక్క ఎంఎస్ కాదు. టీఎంటీ కడ్డీలకి పై పొర చల్లార్చి గట్టి చేసి ఉంటుంది, తుక్కులోంచి తెచ్చి లేత్ మీద పెడితే తిప్పలే.

వంచితే పగిలింది

లోపలి వంపు రేకు మందం కంటే తక్కువ రేడియస్‌లో వంచి ఉంటారు, లేదా రోల్ చేసిన దిశకి సమాంతరంగా వంపు గీత పడింది. రోల్ చేసిన దిశకి అడ్డంగా వంచండి, అంచు బొడిపెలు ముందే రాసేయండి. లావు ముక్కైతే బాగా ఎర్రగా కాల్చి వంచడమే దారి.

ఖర్చు అంచనా దాటిపోతోంది

ఎక్కువగా కారణం రకం ఎంపికే. వెల్డింగ్ ఫ్రేమ్‌కి బ్రైట్ బార్ అక్కర్లేదు, హాట్ రోల్డ్ చాలు, కచ్చితమైన సైజు కావాల్సిన షాఫ్ట్‌లకి మాత్రమే బ్రైట్ కొనండి. చిన్న ముక్కలు కోయించి కొంటే కోతకీ కడతారు, కాబట్టి కటింగ్ లిస్ట్ రాసుకుని, ప్రతి కోతకీ బ్లేడ్ తినే 2, 3 మి.మీ. కలిపి, 6 మీటర్ల ఫుల్ లెంగ్త్‌లో ఎలా సర్దుకుంటాయో చూసి, ఇంకొకరితో కలిసి తెచ్చుకోండి. ఫ్యాబ్రికేషన్ షాపుల్లో మిగిలిన కట్ పీసులు అడగండి, వాళ్లకవి అడ్డం, మీకు బ్రాకెట్లు.

తుక్కు ఇనుము అన్నిటికంటే చవక, కానీ ఏంటో తేల్చుకుని కొనాలి. అయస్కాంతం అంటుకోవడం ఒక్కటే చాలదు, పోత ఇనుమూ అంటుకుంటుంది. గ్రైండర్‌కి తాకించి చూడండి: ఎంఎస్ అయితే పొడుగాటి పసుపు తెలుపు నిప్పు గీతలు, చీలికలు తక్కువ, హై కార్బన్ అయితే నక్షత్రాల్లా విరజిమ్ముతుంది, పోత ఇనుము పొట్టిగా ఎర్రగా. మెలికలు, పగుళ్లు, గుంటలు పడ్డ తుప్పు ఉన్నవి బరువు మోసే పనికి వద్దు. క్రోమ్ పూత ఉన్నవీ, పాత లెడ్ పెయింట్ ఉందేమో అనిపించేవీ అసలు ముట్టకండి, మూసి ఉన్న డ్రమ్ములు, ట్యాంకులు ఎంత చవగ్గా వచ్చినా కోయకండి, లోపల ఆవిరి మిగిలుంటే పేలతాయి.