బ్లెండ్ వ్యాక్స్‌లో సెంటు ఎంత వెయ్యాలి?

సెంటు క్యాండిల్స్ మొదలెట్టిన ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే, కేజీ వ్యాక్స్‌కి సెంటు ఆయిల్ ఎంతండీ అని. దానికి ఒకే నంబర్ లేదు, ఏ వ్యాక్స్‌లు ఏ లెక్కన కలిపారో దాన్నిబట్టే ఉంటుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ వాసనొస్తుంది అనుకుంటే మాత్రం డబ్బులు దండగ.

ముందు వ్యాక్స్ సంగతి. రెడీమేడ్ బ్లెండ్, అంటే ముందే కలిపిన వ్యాక్స్ కొంటే అమ్మినవాళ్ళని మాక్సిమమ్ ఫ్రాగ్రెన్స్ లోడ్, అంటే వ్యాక్స్ బరువులో ఎన్ని శాతం దాకా సెంటు పడుతుందో అడగండి, ఆ అంకె దాటొద్దు. మీరే కలుపుకుంటే, ఏ వ్యాక్స్ ఎంత పట్టుకుంటుందో విడివిడిగా లెక్కెయ్యాలి. ఉదాహరణకి 350 గ్రాముల సోయా వ్యాక్స్ 10 శాతం పడితే 35 గ్రాములు, 150 గ్రాముల పారాఫిన్ 5 శాతం పడితే 7.5, మొత్తం 42.5. అంటే అరకేజీకి 8.5 శాతం. ఇది పైహద్దు మాత్రమే, అదీ ఉజ్జాయింపుగానే, మొదలెట్టడం 6 శాతం దగ్గర, అంటే 30 గ్రాములతో.

ఉద్దానం వైపు ఇంట్లో కొబ్బరినూనె ఉంటుంది కదా అని కొబ్బరి వ్యాక్స్ బదులు అదే పోసేస్తుంటారు కొందరు, అది కొబ్బరి వ్యాక్స్ కాదండీ బాబూ. కొబ్బరినూనె 24 డిగ్రీలకే కరిగిపోతుంది, మన శ్రీకాకుళం ఎండలకి క్యాండిల్ మెత్తబడిపోయి సెంటు పైకి చెమటలా తేలుతుంది.

ఆయిల్‌ని డిజిటల్ కాటా మీద గ్రాముల్లోనే తూయండి, మిల్లీలీటర్లతో వద్దు, మిల్లీలీటరు బరువు ఒక్కో సెంటుకి ఒక్కోలా ఉంటుంది. వ్యాక్స్‌ని నేరుగా మంట మీద కాకుండా వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించి, స్టవ్ ఆపేసి, సోయా ఎక్కువున్న బ్లెండ్ అయితే 80, 85 డిగ్రీల దగ్గర ఆయిల్ పోసి రెండు నిమిషాలు నిదానంగా తిప్పండి, గబగబా తిప్పితే బుడగలొస్తాయి.

ఒకేసారి అరకేజీ చెయ్యకుండా 100 గ్రాముల చొప్పున మూడు గ్లాసులు పొయ్యండి, ఒకదాంట్లో 6 గ్రాములు, ఒకదాంట్లో 7, ఇంకోదాంట్లో 8. మూడింటికీ ఒకే వత్తి, గ్లాసు మీద అంకె రాయండి. ఇచ్ఛాపురం దాటితే ఒడిశాలోని గంజాంలో తీసే మొగలిపువ్వు సెంటు లాంటి ఘాటువైతే ఇంకా కిందనుంచి, 4 దగ్గర మొదలెట్టినా పర్లేదు. అగరబత్తీల సెంటు మాత్రం క్యాండిల్‌కి పనికొస్తుందని అమ్మినవాళ్ళు చెప్తేనే వెయ్యండి.

పోసిన మర్నాడే వెలిగించి వాసన రాలేదనొద్దు, సోయా బ్లెండ్‌కి ఒకటి రెండు వారాలు ఆగాలి. తర్వాత ఫ్యాన్ ఆపి గదిలో వెలిగించి, పైన వ్యాక్స్ గ్లాసు అంచు దాకా కరిగేవరకు ఉంచి, బయటికెళ్ళి మళ్ళీ లోపలికి రండి, పక్కనే కూర్చుంటే ముక్కు అలవాటుపడిపోతుంది. అలాగని క్యాండిల్‌ని ఎక్కువసేపు వదిలేసి పోవద్దు.

పైన నూనె బొట్లు కనిపిస్తే, వాటితోపాటు వత్తి కొనకి పుట్టగొడుగులా మసి కట్టినా, గ్లాసు నల్లబడినా, ఆయిల్ ఒక గ్రాము తగ్గించండి. నూనె బొట్లు లేకుండా మసి మాత్రమే ఉంటే వత్తి లావు ఎక్కువై ఉండొచ్చు, అప్పుడు ఆయిల్ ముట్టుకోకుండా సన్న వత్తి వేసి చూడండి. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలీదు.