ప్రాణహిత ఒడ్డున గాలం వేసే ముందు

మృగశిర కార్తె దగ్గర పడింది. ఆ రోజు ఇంట్లో చేపల కూర ఉండాలన్న పట్టింపు నదికి ఆవల తెలంగాణలో ఎంత ఉందో, ఈవల మహారాష్ట్రలోని మా సిరోంచలోనూ అంతే ఉంది. కుర్రాళ్లు అప్పుడే గాలపు కర్రలు, రీళ్లు బయటికి తీశారు. సెలవులకు వచ్చిన పిల్లలు మేమూ వస్తామంటున్నారు. వెళ్లొద్దని నేను చెప్పను. నాకు కూడా ఆదివారం వస్తే మనసు నది మీదే ఉంటుంది. ఈ నాలుగు నెలలు మాత్రం కొంచెం వేరేగా వెళ్లాలి.

అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది, ఇక్కడ నీళ్లు పెరగడానికి ఇక్కడ వాన పడక్కర్లేదు. వైనగంగ, వార్ధా చప్రాళ దగ్గర కలిసి ప్రాణహిత అవుతుంది. అక్కణ్ణుంచి గోదావరిలో కలిసేదాకా 113 కిలోమీటర్లు. పైన భండారా వైపు కుండపోత పడి వైనగంగ మీది గోసీఖుర్ద్ డ్యామ్ గేట్లు ఎత్తితే, ఆ నీళ్లు మన దాకా వచ్చేసరికి ఇక్కడ ఎండ కాస్తూ ఉండొచ్చు. గోదావరి నిండుగా ఉంటే ఇంకో ఇబ్బంది. ప్రాణహిత నీళ్లకు పోయే దారి దొరక్క నది వెనక్కి ఎగదన్నుతుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. ఆ రోజుల్లో మా తాలూకాలో ఊళ్లకు ఊళ్లే నీళ్లలో ఉన్నాయి. అందుకని బయల్దేరే ముందు మన ఊరి వాతావరణం ఒక్కటే చూసి ఊరుకోకండి, ఎగువన గేట్లు ఎత్తారా అన్నది తప్పకుండా కనుక్కోండి.

ఒడ్డుకు చేరగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చండి. పది నిమిషాలకోసారి దాన్ని చూడండి. పుల్ల రెండు వేళ్ల మేర మునిగిందా, చేప తగిలినా తగలకపోయినా లేచి రావాల్సిందే. నీళ్లు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరిగినా, చెత్తాచెదారం, కొమ్మలు కొట్టుకొస్తున్నా అంతే.

ఈ పుల్ల సంగతి నాకు మా మేనకోడలి వల్ల పట్టుబడింది. పదహారేళ్ల పిల్ల. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు, చేతిలో ఎప్పుడూ ఒక ఇంగ్లీషు టీనేజ్ నవల. మూడేళ్ల కిందట నాతో వచ్చి చెట్టు కింద చదువుకుంటూ కూర్చుంది. నేనేమో బెండు మీదే కళ్లు పెట్టుకున్నాను. "మామా, నా చెప్పులేవి?" అని అడిగితే తిరిగి చూశాను. చెప్పులు విడిచిన చోట నీళ్లున్నాయి. మా వెనక వాగులోకీ నీళ్లు ఎక్కుతున్నాయి. ఇంకో అరగంట అయితే మాకు ఇంటిదారి ఉండేది కాదు. గాలం, నవల రెండూ మనిషిని లోపలికి లాక్కుంటాయి, వాటి సుఖమే అది. కాబట్టి పుల్ల చూసే పని ఒకరికి ప్రత్యేకంగా అప్పజెప్పండి. ఆ వంతు నడిచినంతసేపూ వాళ్ల చేతిలో పుస్తకం, ఫోను, గాలం ఏదీ ఉండకూడదు. ఇప్పుడు మా ఇద్దరికీ వంతులున్నాయి. ఆ పిల్ల అధ్యాయం అయిపోగానే వచ్చి నన్ను లేపుతుంది.

నది నడుమ ఇసుక దిబ్బల మీదికి మాత్రం ఈ కాలంలో అసలు వెళ్లొద్దు. పెద్ద వాలుగ అక్కడే తగులుతుందని నాకూ తెలుసు. కానీ వేగంగా పారే నీళ్లు జానెడు కూడా లేకపోయినా పెద్దమనిషిని పడేయగలవు. ఎవరైనా పడిపోతే వెంట దూకకండి, ఒడ్డునుంచే తాడో కర్రో అందించండి. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్‌కు తాడు కట్టి దగ్గర ఉంచుకుంటే విసరడానికి పనికొస్తుంది. పిల్లలకు లైఫ్ జాకెట్ కొనండి, రీలు తర్వాత కొనుక్కోవచ్చు.

ఉరుము వినబడితే గాలం కింద పెట్టేయండి. ఇప్పటి కార్బన్ కర్రల్లోంచి కరెంటు పారుతుంది, తడిసిన వెదురును కూడా నమ్మలేం. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై లెక్కపెట్టేలోపే ఉరిమితే పిడుగు దగ్గర్లోనే ఉందన్నమాట. చెట్టు కింద నిలబడొద్దు, పక్కా ఇంట్లోకో మూసి ఉన్న కారులోకో వెళ్లండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే బయటికి రండి. పిడుగుల గురించి హెచ్చరించడానికి పుణె వాతావరణ శాస్త్రవేత్తలు చేసిన దామిని యాప్ ఫోన్లో పెట్టుకోండి. కర్ర ఎత్తి విసిరే ముందు తలపైన కరెంటు తీగలున్నాయేమో కూడా చూసుకోండి.

గాలం వేలికి దిగితే టీటీ ఇంజెక్షన్ సంగతి డాక్టర్‌ను అడగండి. కంటి దగ్గర గుచ్చుకుంటే లాగకుండా అలాగే ఆసుపత్రికి వెళ్లండి. జెల్ల చేప ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఆ చోటు ముంచితే నొప్పి తగ్గుతుంది. పాము కరిస్తే కట్టు కట్టడం, కోయడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికి తీసుకుపోవాలి. 108కి ఫోన్ చేస్తే ముందుగా మహారాష్ట్ర ఒడ్డున ఉన్నామో తెలంగాణ ఒడ్డున ఉన్నామో చెప్పండి. రెండు వైపులా అదే నంబరు.

ఇంకొక్క మాట. కొత్తనీరు వచ్చాక బొచ్చెలు, రోహులు గుడ్లతో ఎదురెక్కుతాయి. పొట్ట ఉబ్బిన చేప పడితే తడి చేత్తో పట్టి గాలం తీసి, నీళ్లలో కాసేపు ఆనించి వదిలేయండి.