హోమ్ సర్వర్‌కి కొత్త హార్డ్ డిస్క్ తగిలించడం

సర్వర్ ఆపి, సాటా కేబుల్, పవర్ కేబుల్ బిగించి ఆన్ చేయండి. సర్వర్‌లో ఉన్న లినక్స్ ఉబుంటు అయినా డెబియన్ అయినా పద్ధతి ఒకటే. ముందు డిస్క్‌ల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొట్టి, సైజు చూసి కొత్త డిస్క్ ఏదో తేల్చుకోండి. ఇక్కడ పొరబడితే పాత డేటా గోవిందా.

2 టీబీ దాటిన డిస్క్‌కి జీపీటీ రకం పార్టిషన్ టేబులే (డిస్క్‌లోని భాగాల పట్టిక) పెట్టాలి. లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4తో ఫార్మాట్ చేసేటప్పుడు హైఫన్ ఎం, పక్కన 0 ఇవ్వండి. లేకపోతే రూట్ యూజర్ (సిస్టమ్ అడ్మిన్) కోసమని 5 శాతం పక్కన పెట్టేస్తుంది. 4 టీబీలో అది 200 జీబీ. సినిమాలు దాచుకునే డిస్క్‌లో అంత చోటు దండగే.

అసలు తిప్పలన్నీ ఎఫ్ఎస్‌ట్యాబ్ దగ్గరే, అంటే బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్క్‌ని ఏ ఫోల్డర్‌కి తగిలించాలో (మౌంట్ చేయాలో) రాసే ఫైల్ దగ్గరే. అందులో ఎస్‌డీబీ1 లాంటి డిస్క్ పేరు రాయొద్దు. ఇంకో డిస్క్ తగిలిస్తే, ఒక్కోసారి ఊరికే రీబూట్ చేసినా, ఆ పేర్లు తారుమారవుతాయి. బీఎల్‌కేఐడీ కమాండ్ చూపించే యూయూఐడీ (మారని గుర్తింపు సంఖ్య) రాయండి. అదే లైన్లో డీఫాల్ట్స్ అనే ఆప్షన్ తర్వాత కామా పెట్టి నోఫెయిల్ చేర్చండి. అది లేకుంటే డిస్క్ చచ్చిన రోజు సర్వర్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. మూలన మానిటర్ లేకుండా పడున్న పెట్టెకి అప్పుడు మానిటర్, కీబోర్డ్ వెతుక్కోవాలి.

రీబూట్‌కి ముందే సుడోతో (అడ్మిన్ హక్కులతో) మౌంట్ హైఫన్ ఏ కొట్టండి, తప్పుంటే అక్కడే బయటపడుతుంది. ఫోల్డర్ ఓనర్‌ని మార్చే చౌన్ కమాండ్ మౌంట్ అయ్యాకే. ముందు చేస్తే డిస్క్‌కి కాకుండా కింది ఖాళీ ఫోల్డర్‌కే వర్తిస్తుంది.

నోఫెయిల్‌తోనూ ఒక చిక్కుంది. డిస్క్ మౌంట్ కాకపోయినా సర్వర్ లేచి కూర్చుంటుంది, డౌన్‌లోడ్లన్నీ ఆ ఖాళీ ఫోల్డర్‌లో పడి సిస్టమ్ డిస్క్ నిండిపోతుంది. మౌంట్ చేయకముందే ఆ ఫోల్డర్‌కి చాటర్ కమాండ్‌తో ప్లస్ ఐ పెడితే అందులో ఏదీ రాయనివ్వదు.