పాత బెంచ్ వైసు సరిగా పట్టడం లేదా? ముందు జా ప్లేటు విప్పి చూడండి

వస్తువును రెండు దవడల మధ్య బిగించి పట్టే పాత బెంచ్ వైసును తెచ్చి, తుప్పు తీసి, రంగు వేసి, బల్లకు బిగించిన తరువాత వచ్చే ఫిర్యాదులు నాలుగైదు రకాలే. వాటిలో సగానికి పైగా, కదిలే దవడను పూర్తిగా బయటికి లాగి లోపలి భాగాలను ఒక్కసారి చూస్తే అక్కడికక్కడే తేలిపోయేవి. ఆ పని చేయకుండానే స్క్రూ మార్చాలని, దవడలు గ్రైండింగ్ చేయించాలని, బాడీ వంగిందని నిర్ణయించుకునే వారు ఎక్కువ. ఇక్కడ రాస్తున్నది షెఫీల్డ్‌లో సి. అండ్ జె. హాంప్టన్ కంపెనీ చేసిన రికార్డ్, యార్క్‌షైర్‌లోని షిప్లీలో తయారైన పార్కిన్సన్ పర్ఫెక్ట్ వంటి ఇంగ్లీషు వైసులను దృష్టిలో పెట్టుకుని. మన ప్రాంతంలో పాత వర్క్‌షాపుల వేలంలోనో, పాత ఇనుప సామాను గోదాముల్లోనో చేతికి వచ్చేవి కూడా ఎక్కువగా ఇటువంటివే. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చదివిన వారికి స్పిండిల్ (హ్యాండిల్‌తో తిరిగే పొడవాటి స్క్రూ), బాక్స్ నట్టు (ఆ స్క్రూ తిరిగే, బాడీలో బిగించిన నట్టు), స్ప్రింగు, జా ప్లేటు (దవడ ముఖానికి స్క్రూలతో బిగించే పళ్ల పలక) అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కర లేదు గనుక నేరుగా లక్షణాల్లోకి వెళ్తాను.

హ్యాండిల్ వెనక్కి తిప్పినా దవడ తెరుచుకోవడం లేదు

స్పిండిల్ బయటికి వస్తుంది, దవడ మాత్రం ఉన్నచోటే ఉంటుంది, చేత్తో లాగితే వస్తుంది. స్పిండిల్‌తో పాటు దవడను వెనక్కి లాగేది దవడ లోపలి వైపున స్పిండిల్‌కు ఉండే స్ప్రింగు, వాషరు, వాటిని నిలిపే పిన్ను. పాత వైసుల్లో ముందు మాయమయ్యేవి ఇవే. దవడను బయటికి లాగితే ఖాళీ చోటు కనిపిస్తుంది. తగిన స్ప్రింగు, మందపాటి వాషరు, కొత్త స్ప్లిట్ పిన్ను వేస్తే పని అయిపోతుంది. దిశ మార్చినప్పుడు హ్యాండిల్ కొద్దిగా ఖాళీగా తిరగడం మాత్రం జబ్బు కాదు, నట్టుకూ స్క్రూకూ మధ్య ఉండవలసిన వదులు అది.

హ్యాండిల్ ఎంత తిప్పినా దవడ ముందుకూ వెనక్కూ రెండు వైపులా కదలకపోతే, బాక్స్ నట్టును బాడీకి పట్టి ఉంచే బోల్టు ఊడిందేమో కింది నుంచి చూడండి. లివరు నొక్కితే దవడ జారే క్విక్ రిలీజ్ రకమైతే, అందులోని సగం నట్టు స్క్రూ మరల్లో పూర్తిగా కూర్చోవడం లేదన్న మాట. అరుగుదలను అనుమానించే ముందు మరల మధ్య గట్టిపడిన గ్రీజునూ ఇనుప పొడినీ వైరు బ్రష్షుతో తీయండి.

స్లైడు మధ్యలో బిగుసుకుంటుంది

రంగు వేసిన తరువాత మొదలైతే కారణం రంగే. స్లైడు (కదిలే దవడతో పాటు బాడీలోకి జారే భాగం) పక్కల మీద, అది జారే గాడిలో రంగు పడకుండా టేపు వేయాలన్నది తెలియని విషయం కాదు, అయినా ప్రతిసారీ జరిగేదే. పౌడర్ కోటింగ్ అయితే ఒక్కో పొర సుమారు 60 నుంచి 100 మైక్రాన్ల మందం ఉంటుంది. రెండు వైపులా పడితే, మంచి వైసులో స్లైడుకు వదిలిన కొద్దిపాటి ఖాళీని అదే మింగేస్తుంది. గీకి తీయండి, ఇనుము మెరిసే వరకు. రంగు వేయని వైసైతే కిరోసిన్‌తో కడిగి, పలుచటి నూనె రాయండి. గ్రీజు దట్టంగా పూసి మూసేస్తే ఆకురాయి పొడిని అదే పోగు చేస్తుంది.

ఒక పక్క పట్టి, మరో పక్క జారుతుంది

మిగిలిన వాటన్నిటి కంటె ఎక్కువ వైసులను పాడు చేసింది ఈ ఫిర్యాదే, నిజానికి వైసులో ఉన్న లోపం కంటె దానికి చేసే తప్పుడు వైద్యమే. లక్షణం ఇలా ఉంటుంది. వస్తువును ఎంత బిగించినా ఆకురాయి వేయగానే ఒక కొస జరుగుతుంది. రెండు దవడల మధ్య వెలుతురు ఒక పక్కనే కనిపిస్తుంది. ఇంకా బిగిస్తే కాసేపు పట్టినట్టే ఉండి మళ్లీ వదులవుతుంది. యజమాని వెంటనే స్లైడు అరిగిపోయిందనో, దవడ వంకరపోయిందనో తేల్చుకుని మెషిన్ షాపుకు తీసుకువెళ్తాడు. అలా వెళ్లిన ఒక పాత ఆరంగుళాల వైసు నా దగ్గరకు తిరిగి వచ్చేసరికి, దవడల మీద జా ప్లేటు కూర్చునే చోటును గ్రైండింగ్ చేసి ఏటవాలుగా మార్చేశారు. అసలు లోపం ప్లేటు వెనకే ఉండిపోయింది, దానికి తోడు ఇప్పుడు సరిచేయలేని మరో లోపం చేరింది.

మొదట చేయవలసిన పరీక్షకు డబ్బు ఖర్చు లేదు. వార్తాపత్రిక నుంచి రెండు సన్నని పీలికలు చించి, దవడల రెండు కొసల్లో పెట్టి, హ్యాండిల్‌ను రెండు వేళ్లతో మాత్రమే బిగించి, ఒక్కొక్కటిగా లాగండి. రెండూ ఒకే బిగువుతో ఉంటే దవడలు బాగున్నాయి, జారడానికి కారణం అరిగిన పళ్లు కావచ్చు. ఒకటి సులువుగా వచ్చేస్తే రెండో పరీక్ష చేయండి. జా ప్లేటుకూ దవడకూ మధ్య ఉన్న సందు పొడవునా పలుచటి నూనె చుక్కలు వేసి, వైసులో గట్టి చెక్క ముక్కను బిగించి, వదిలి, మళ్లీ బిగించండి. సందులో నూనె ఒకసారి లోపలికి పీల్చుకుని, మరోసారి బుడగలతో బయటికి వస్తూ ఉంటే ప్లేటు కదులుతోంది, స్క్రూలు ఎంత బిగుతుగా ఉన్నా సరే.

ఆ చివరి మాటే జనం నమ్మరు. స్క్రూ బిగుతుగా ఉంటే ప్లేటు బిగుతుగా ఉన్నట్టే అనుకుంటారు. రెండింటికీ సంబంధం ఉండి తీరాలని లేదు. స్క్రూ కింద రంధ్రం అడుగుకు తగిలి ఆగిపోయి ఉండవచ్చు. ఆ రంధ్రాలు చాలావరకు ఆరపార ఉండవు. దశాబ్దాల తుప్పు, ఇనుప పొడి, ఇప్పుడు కొత్తగా కారిన రంగు అన్నీ అడుగున చేరి గట్టిపడతాయి. స్క్రూ ఆ గట్టి పొరకు తగిలి నిలుస్తుంది, దాని తల మాత్రం ప్లేటును నొక్కదు. స్క్రూడ్రైవరు చేతికి చెప్పేది ఆగిపోయిందని మాత్రమే, ఎక్కడ ఆగిందో చెప్పదు.

ఇంతకంటె మోసకారి కారణం మర తేడా. పాత ఇంగ్లీషు వైసుల మరలు విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ కొలతల రకం, 55 డిగ్రీల కోణం. అసలు స్క్రూలు ఊడకుండా విరిగితేనో, తల పాడైతేనో హార్డ్‌వేరు దుకాణంలో దొరికిన మెట్రిక్ స్క్రూ వేస్తారు. రెండున్నర సూత్ విట్‌వర్త్, అంటే 5/16 అంగుళం రకం, వ్యాసం 7.94 మి.మీ., అంగుళానికి 18 చుట్లు, అంటే చుట్టుకు 1.41 మి.మీ. ఎం8 స్క్రూ వ్యాసం 8 మి.మీ., చుట్టుకు 1.25 మి.మీ. చూపుకు రెండూ ఒకటే. ఎం8 మూడు నాలుగు చుట్లు సాఫీగా దిగి, తరువాత బిగుసుకుంటుంది. బిగుసుకోవడాన్ని బిగించడంగా పొరబడి, మరికాస్త బలం పెట్టి వదిలేస్తారు. పావు అంగుళం రంధ్రంలో ఎం6 వేస్తే కథ వేరు. స్క్రూ 6 మి.మీ., రంధ్రం 6.35 మి.మీ. కొలతకు కోసినది. ఊగుతూ దిగిపోయి, ఒకటి రెండు మరల మీదే బరువంతా మోస్తూ, ఒకరోజు ఆ మరలను పోత ఇనుములోంచి ఊడబెరుకుతుంది. ఇదే కొలతల అమెరికన్ యూఎన్‌సీ స్క్రూలు చుట్ల లెక్కలో సరిపోతాయి, కోణం 60 డిగ్రీలు. జా ప్లేటు వరకు నాకు అభ్యంతరం లేదు. అయితే అర అంగుళం దగ్గర ఆ పోలిక చెడిపోతుంది, విట్‌వర్త్‌కు 12 చుట్లు, యూఎన్‌సీకి 13.

మూడోది, ప్లేటు వెనక తుప్పు. తుప్పుగా మారిన ఇనుము ముందున్న దాని కంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక, సందులో చేరిన తుప్పు గట్టి ప్లేటును కూడా ఒక మూల నుంచి మెల్లగా ఎత్తేస్తుంది. బయటికి ప్లేటు నున్నగా, కొత్త రంగు అంచుతో అందంగానే కనిపిస్తుంది. ప్లేట్లు విప్పకుండా వాటి చుట్టూ రంగు వేసి, పునరుద్ధరించినదని అమ్మే వైసుల్లో ఇది సర్వసాధారణం. విప్పి, ప్లేటు కూర్చునే చోటుకు కూడా రంగు కొట్టినవి ఇంకా అధ్వానం, ఎందుకంటే ఒత్తిడికి రంగు నలిగి, వారం తిరగకుండానే స్క్రూలు వదులవుతాయి.

పరిష్కారానికి తొందర పనికిరాదు. స్క్రూల చుట్టూ తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదలండి. గాడికి సరిగ్గా సరిపోయే మందం ఉన్న స్క్రూడ్రైవరు బిట్టును ఇంపాక్ట్ డ్రైవరులో పెట్టి, సుత్తితో తట్టి తిప్పండి. మొండికేస్తే స్క్రూ చుట్టూ మాత్రం వేడి చేయండి, ప్లేటు ఎర్రబడేంతగా కాదు, దాని గట్టిదనం పోతుంది. ప్లేటు ఊడగానే ఏ రంధ్రం ఎటువైపుదో, ఏ ప్లేటు ఏ దవడదో సుద్దతో గుర్తు పెట్టండి. ఈ ప్లేట్ల రంధ్రాలు ఆయా దవడలకు చూసి వేసినవై ఉండవచ్చు, తారుమారు చేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

ప్లేటు కూర్చునే చోటును ఇనుము కనిపించే వరకు గీకండి. అక్కడ ఆకురాయిని గడ్డలను తీయడానికే వాడాలి, చదును చేయడానికి కాదు. ప్లేటు వీపుకు ప్రష్యన్ బ్లూ అనే నీలం రంగు పూత పలుచగా పూసి, ఆనించి, తీసి చూస్తే ఎక్కడెక్కడ తగులుతోందో నీలం మచ్చలు చెబుతాయి. మచ్చలు చోటంతా చెదురుగా పడితే చాలు. రంధ్రాల్లో అడుగు వరకు వెళ్లే ట్యాపును (మర కోసే పనిముట్టు) చేత్తో నడిపించి, కళ్లద్దాలు పెట్టుకుని, గాలితో ఊది శుభ్రం చేయండి. ఆ ట్యాపు విట్‌వర్త్‌ది కావాలి. ముందుగా పిచ్ గేజ్‌తో (మర చుట్ల దూరం చూసే పళ్ల రేకులు) పాత స్క్రూ మరను చూసి నిర్ధారించుకోండి. సన్నని తీగతో రంధ్రం లోతు కొలవండి. స్క్రూ లోపలికి దిగే పొడవు దాని కంటె కనీసం 2 మి.మీ. తక్కువ ఉండాలి, లేకపోతే కొస కోయండి. సేకరణకు ఉంచుకునే వైసులో రంధ్రాన్ని పెద్దది చేసి మెట్రిక్ మర కోయడం నాకు ససేమిరా ఇష్టం లేదు. అసలు మర ఉన్న వైసుకు కొనేవారి దృష్టిలో విలువ వేరు, తరువాతి వాడికి తలనొప్పి తక్కువ. అమెరికన్ వైసుకైతే స్క్రూ తల కోణం కూడా చూడండి. అక్కడి ఏటవాలు తలలు 82 డిగ్రీలు, మెట్రిక్‌వి 90. తేడా ఉంటే తల అంచు మీదే నిలుస్తుంది.

బిగించేటప్పుడు, కూర్చునే చోటు మీద నూనె తడి తప్ప మరేమీ వద్దు. స్క్రూలను వేళ్లతో తిరిగినంత వరకే వేసి, దవడలను ఒకదానికొకటి ఆనించి వైసును బిగించి, ఆ ఒత్తిడిలో ఉండగానే స్క్రూలను పూర్తిగా బిగించండి. ప్లేట్లు తమ చోట తాము సర్దుకుంటాయి. తరువాత కాగితం పరీక్ష మళ్లీ చేయండి. పైఅంచులు కొంచెం ముందు తగలడం చూసి మాత్రం కంగారుపడవద్దు. బిగించినప్పుడు కదిలే దవడ పైభాగం కొద్దిగా వెనక్కి వాలుతుంది గనుక అలా ఉండటమే సరి. ఇంత చేసినా ఒక పక్కన ఖాళీ మిగిలితే అప్పుడు స్లైడు అరుగుదల గురించి మాట్లాడవచ్చు, అంతకు ముందు కాదు.

ప్రదర్శనలో పెట్టిన వైసుకు తుప్పు మళ్లీ వస్తోంది

వెనిగరులో నానబెట్టి తీసిన దాన్ని వంటసోడా నీళ్లతో కడగకపోయినా, కడిగి వెంటనే ఆరబెట్టకపోయినా, గంటలోనే నారింజ రంగు పొర వస్తుంది. కరెంటు పద్ధతిలో తుప్పు తీసేవారు నీళ్లలో కలపవలసింది చాకలిసోడా, ఉప్పు కాదు. వైసుకు తగిలించవలసింది నెగెటివ్ తీగ. పాజిటివ్ తీగ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టవద్దు, విషపూరితమైన క్రోమియం నీళ్లలో కలుస్తుంది. పాత రంగులో సీసం ఉండవచ్చు కాబట్టి పొడిగా రుద్ది దుమ్ము లేపవద్దు.

రంగు లేని భాగాలకు మైనం పాలిష్ సరిపోతుంది, విశాఖ వంటి ఉప్పు గాలి చోట దాన్ని మళ్లీ మళ్లీ పూయాలి. దవడలను మూసి పెట్టడం అలవాటుగా చేస్తారు, అందంగా ఉంటుందని. పళ్ల మధ్య చేరిన తడికి బయటికి దారి లేక సరిగ్గా అక్కడే తుప్పు గీతలు పడతాయి. వేలి మందం తెరిచి ఉంచండి, మధ్యలో తోలు ముక్క కూడా వద్దు. బల్ల సమంగా లేకపోతే కింది చెవులను బోల్టులతో లాగి సరిచేయకండి, పోత ఇనుము వంగదు, విరుగుతుంది. సందు ఉన్నచోట రేకు ముక్క పెట్టి నింపండి.

మిగిలినవి

స్వివెల్ బేసు (వైసును పక్కలకు తిప్పి బిగించే అడుగు భాగం) తిరిగిపోతుంటే బిగింపు ముఖాల మీద రంగో నూనో ఉంది, తుడవండి. పగులు అనుమానం ఉంటే అక్కడ కిరోసిన్ పూసి, నానిన తరువాత శుభ్రంగా తుడిచి, సుద్ద పొడి పూయండి. పగులు ఉంటే సుద్దలో తడి గీతగా బయటపడుతుంది. రంగు కింద ఇత్తడి గీత కనిపిస్తే అది పాత బ్రేజింగ్ (ఇత్తడి కరిగించి అతికించిన) మరమ్మతు. అటువంటి వైసు అల్మరాలో పెట్టడానికి పనికివస్తుంది, సుత్తి దెబ్బలకు కాదు. స్పిండిల్ వంగడం, స్లైడు వంకరపోవడం, దవడ బాడీ మెలితిరగడం వంటివి జరగవని కాదు, పైపు తొడిగి హ్యాండిల్‌ను లాగిన వైసుల్లో తప్ప వాటి కోసం వెతకడం కాలయాపన.