ఓడ దిగి అల్ ఐన్ వెళ్లే ముందు జాగ్రత్తలు

☐ విహార ఓడ ఆగే అబుదాబి రేవు నుంచి ఖర్జూర తోటల ఊరు అల్ ఐన్ దాదాపు 160 కిలోమీటర్లు. రానుపోను మూడున్నర, నాలుగు గంటలు రోడ్డు మీదే. ఓడ ఎక్కాల్సిన ఆఖరి టైము కాగితం మీద రాసుకోండి. సొంతంగా టాక్సీలో వెళ్లేవాళ్లు అంతకు రెండు గంటల ముందే రేవుకి చేరేలా చూసుకోవాలి. లేటైతే మీకోసం ఓడ ఆగదు.

☐ ఫోన్‌లో టైము దానంతటదే మారిపోవచ్చు. ఓడలో గడియారంతో ఒకసారి సరిచూసుకోండి.

☐ ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు యూఏఈ వీసా సంగతి టికెట్ కొనేటప్పుడే తేల్చుకోవాలి. రేవులో దిగాక టెన్షన్ పడి లాభం లేదు.

☐ బ్యాగులో గసగసాలు ఉంటే తీసేయండి, అక్కడ నిషేధం. మన వంటింటి సరుకే కదా అనుకుంటే కుదరదు! ట్రమడాల్, కొడీన్ లాంటి నొప్పి మందులకు ముందే అనుమతి కావాలి.

☐ మంచినీళ్లు, టోపీ, భుజాలూ మోకాళ్లూ కప్పే పల్చటి నూలు బట్టలు.

☐ జారని చెప్పులు. అల్ ఐన్ ఖర్జూర తోటలో మట్టిగోడల మధ్య నీడదారి, పక్కనే ఫలజ్ అనే సన్నటి కాలువ. వంతులవారీగా నీళ్లు వదులుతారు, కొన్ని ఎండి ఉంటాయి. తడి ఉన్నచోట గట్టు జారుతుంది. లక్షా నలభై వేలకు పైగా ఖర్జూర చెట్లకు నీళ్లిచ్చే ఏర్పాటిది, 2011లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. ఆ కాలువలో కాళ్లు కడుక్కోకండి.

☐ ఆడవాళ్లను అడక్కుండా ఫొటో తీయొద్దు.

☐ పక్కనే ఉన్న బురైమి ఊరు వేరే దేశం, ఒమన్‌ది. అటు అడుగు వేయకండి.