కాపలా లేని ఆల్ప్స్ హట్‌లో రాత్రి గడపాలంటే

సెప్టెంబరు చివరికి, అక్టోబరు మొదటికి ఆల్ప్స్‌లో కొండెక్కేవాళ్లు రాత్రి బస చేసే హట్లు చాలావరకు మూసేస్తారు. వండిపెట్టేవాళ్లు, రేపు వాతావరణం బాగోదని హెచ్చరించేవాళ్లు కిందికి దిగిపోతారు. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ వైపు హట్‌లోనో దాని పక్కనో చలికాలంలో వచ్చేవాళ్ల కోసం వింటర్‌రౌమ్ అని ఒక గది మాత్రం ఉంచుతారు. ఇటలీ వైపు ఎత్తుల్లో బివాక్కోలని చిన్న రేకుల గూళ్లుంటాయి. మ్యూనిక్‌లోనో జ్యూరిక్‌లోనో ఉంటూ, ఫ్రీగా రూమ్ దొరుకుతుందట కదా అని లాంగ్ వీకెండ్‌కి బయల్దేరే మనవాళ్లు కాస్త ఆగి ఇది చదవండి.

ముందు తాళం సంగతి. ఆస్ట్రియాలో చాలా వింటర్‌రౌమ్‌లు ఆల్పైన్ క్లబ్ తాళంచెవి ఉంటేనే తెరుచుకుంటాయి. దాన్ని క్లబ్ సభ్యులకే, డిపాజిట్ కట్టించుకుని ఇస్తారు. ఏ హట్‌కి ఏ పద్ధతో బయల్దేరేముందే కనుక్కోండి. తలుపు తెరిచే ఉన్నా లోపల చోటు ఉంటుందన్న గ్యారంటీ లేదు. అందుకే చీకటి పడకముందే చేరుకోవాలి, బయట పడుకోవాల్సి వస్తే పనికొచ్చే బివాక్ సంచీ ఒకటి బ్యాగులో ఉండాలి. కొన్ని షెల్టర్లు ఆపదలో ఉన్నవాళ్లకే. మాటర్‌హార్న్ శిఖరం మీద 4,003 మీటర్ల ఎత్తులో ఉన్న సోల్వే హట్ అలాంటిదే. అందులో పడుకుందామని ముందే ప్లాన్ వేసుకుని వెళ్లడం తప్పు.

అన్నిటికంటే నాకు భయం పొయ్యి దగ్గరే. కట్టెల పొయ్యి వెలిగించేముందు పొగగొట్టం మూత తెరిచి ఉందో లేదో చూడండి. గొట్టం మంచుతో పూడుకుపోయి ఉంటే పొగంతా గదిలోకే వస్తుంది. పొగైనా నయం, కళ్లు మండి దగ్గొస్తుంది. దాంతోపాటు వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకైతే రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, వికారం, మత్తు మొదలైతే ఎత్తు పడలేదేమోలే అనుకుని దుప్పటి కప్పుకుంటారు, అక్కడే ప్రాణం మీదికి వస్తుంది. గదిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తల పట్టేస్తే ఆలోచించొద్దు, తలుపు బార్లా తీసి అందరూ బయటికి రండి. గ్యాస్ స్టవ్ మీద వండుతున్నంతసేపూ కిటికీ కొంచెం తెరిచే ఉంచండి. గది వెచ్చబడుతుందని దాన్ని వెలిగించి పడుకోవడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఈ విషవాయువుని పసిగట్టే చిన్న బ్యాటరీ అలారం ఒకటి పట్టుకెళితే ఇంకా మంచిది. బూడిదను ఇనుప బకెట్లోనే ఎత్తాలి, పైకి చల్లారినట్టు కనిపించినా అడుగున నిప్పు ఉంటుంది.

చలికాలంలో నల్లాల్లో నీళ్లుండవు, పైపులు గడ్డకట్టి పగలకుండా ముందే ఖాళీ చేసేస్తారు. మంచు కరిగించుకోవాల్సిందే. గిన్నెలో ముందు కాసిన్ని నీళ్లు పోసి, ఆ పైన మంచు వేస్తే గిన్నె మాడదు. గ్యాస్ మీరనుకున్నదానికంటే ఎక్కువే ఖర్చవుతుంది. 3,000 మీటర్ల ఎత్తులో నీళ్లు దాదాపు 90 డిగ్రీలకే మరిగిపోతాయి కాబట్టి అక్కడ కందిపప్పు ఉడకాలని చూస్తే తెల్లారిపోతుంది. అటుకులు, ఇన్‌స్టంట్ ఉప్మా, నూడుల్స్ చాలు. ఎలుకలుంటాయి, తిండి సంచీ పైకి వేలాడదీయండి.

మంచు పడే రాత్రి పార గది లోపలే ఉండాలి. తెల్లారేసరికి తలుపు కూరుకుపోతే బయట వదిలేసిన పార ఎందుకూ పనికిరాదు.

హట్ పుస్తకంలో పేరు, తేదీ, రేపు ఎటు వెళ్తున్నారో రాయండి. పడుకోకుండా కాసేపు ఆగి వెళ్లిపోయినా సరే, వెతికేవాళ్లకు అదే ఆధారం. కింద ఉన్న ఒకరికి మీరు తిరిగొచ్చే టైమ్ చెప్పండి. ఆపదలో సిగ్నల్ దొరికితే ఫోన్ చేయాల్సిన నంబర్లు: 112, ఆస్ట్రియా కొండల్లో 140, స్విట్జర్లాండ్‌లో రెగా రెస్క్యూ హెలికాప్టర్‌కి 1414. ఫోన్ చచ్చిపోతే టార్చితోనో ఈలతోనో నిమిషానికి ఆరుసార్లు, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరుసార్లు సంకేతమివ్వాలి. నిమిషానికి మూడుసార్లు జవాబొస్తే ఎవరో మిమ్మల్ని గమనించారన్నమాట. హెలికాప్టర్ బిల్లు మామూలుగా ఉండదు, ఇన్సూరెన్స్ చూసుకోకుండా కొండెక్కొద్దు.

బయల్దేరేముందు పొయ్యి పూర్తిగా ఆర్పి, తర్వాతివాళ్లకు కట్టెలు చీల్చి పెట్టి, చెత్తంతా మీతోనే కిందికి తెచ్చేయండి. అక్కడ రాసిపెట్టిన రాత్రి అద్దె డబ్బాలో వేయండి, లేదంటే కిందికొచ్చాక ఆన్‌లైన్‌లో కట్టండి. తలుపు గడియ పడిందో లేదో ఒకటికి రెండుసార్లు లాగి చూడండి, సందు మిగిలితే గాలికి గది నిండా మంచు చేరిపోతుంది.